కారు టైరులో గాలి ఎంత ఉండాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఇంజను గోడు తగ్గి టైరు గోడు పెరుగుతుంది. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఈసారి వచ్చినవన్నీ దాదాపు గాలి చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాను. వేరే చెప్పని చోట గాలి అంకెలన్నీ మన బంకుల్లో వాడే పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల పీడనం) లెక్కవి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మూడేళ్ల కిందట చిన్న కారు కొన్నాను. మా దగ్గరి బంకులో గాలి కొట్టే అబ్బాయి ఏ కారు వచ్చినా 35 పెడతాడు. పంక్చర్ షాపు అతను ఎండాకాలంలో 28 దాటనివ్వవద్దంటాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి 32 చాలంటాడు. టైరు మీద చూస్తే 44 అని అచ్చు పోసి ఉంది. నలుగురూ నాలుగు అంకెలు చెబితే నేను ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నలుగురి మాటా కాసేపు పక్కన పెట్టండి. ఐదో అంకె మీ కారు మీదే రాసి ఉంది. డ్రైవరు వైపు తలుపు పూర్తిగా తెరిచి, సీటు బెల్టు బిగించి ఉన్న స్తంభం కింది భాగాన్ని వంగి చూస్తే అరచేయంత స్టిక్కరు కనబడుతుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు పోసే చోట, మూత లోపలి వైపు ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. టైరు సైజు, ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని అందులో గడులు గీసి రాస్తారు. మూడేళ్లుగా మీరు కారు ఎక్కిన ప్రతిసారీ దాని పక్క నుంచే ఎక్కుతున్నారు.

టైరు మీది 44 సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే. టైరు తయారు చేసే కంపెనీకి తన టైరు ఏ కారుకు ఎక్కుతుందో తెలియదు. అదే సైజు టైరు తేలికపాటి చిన్న కారుకూ వేస్తారు, అంతకంటే రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగే కారుకూ వేస్తారు. అందువల్ల ఆ కంపెనీ తన టైరుకు దాటరాని హద్దు ఎంతో మాత్రమే దాని మీద అచ్చు వేస్తుంది. బావి గట్టు మీద యాభై అడుగుల లోతని రాసి ఉంటే అడుగుదాకా దిగమని కాదు గదా. మీ కారు ఎంత బరువు తూగుతుందో, ఆ బరువులో ముందు ఎంత, వెనక ఎంత పడుతుందో, మలుపులో ఎటు ఒరుగుతుందో, బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో చూసుకుని అంకెను ఖాయం చేసేది కారు తయారు చేసిన కంపెనీ. కారు మొత్తం నేలను తాకేది నాలుగు అరచేతులంత మేర మాత్రమే. ఆ అరచేతి ఆకారాన్ని నిలబెట్టేది లోపలి గాలి. గాలి తగ్గితే అరచేయి మధ్యలో గుంట పడి అంచుల మీద బరువు పడుతుంది, మించితే అంచులు లేచి మధ్య భాగమే నేలను రాసుకుంటుంది.

మీ స్టిక్కరు మీద 33 అని ఉందనుకుందాం. ఆ అంకె పక్కనే, చిన్న అక్షరాల్లోనో పుస్తకంలోనో, టైరు చల్లగా ఉన్నప్పుడు అనే మాట ఉంటుంది. గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. చల్లని టైరు అంటే చేతికి చల్లగా తగిలే టైరని కాదు. కనీసం మూడు గంటలు కదలకుండా నీడన ఉన్న టైరు, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవని టైరు. మీరు ఉపాధ్యాయులు కనుక లెక్క విప్పి చెబుతాను. మీటరు చూపే 33కు బయటి వాతావరణ పీడనం 14.7 కలిపితే 47.7. తెల్లవారుజామున 27 డిగ్రీలు ఉంటే పరమ ఉష్ణోగ్రత మానంలో, అంటే 273 కలిపితే, అది 300. గంటసేపు రోడ్డు మీద పరుగెత్తాక టైరులోని గాలి 60 డిగ్రీలకు చేరిందనుకోండి, అది 333. 47.7ను 333తో గుణించి 300తో భాగిస్తే 52.9 వస్తుంది; అందులోంచి 14.7 తీసేస్తే మీటరు 38 చూపాలి. ఒక్క చుక్క గాలి కొట్టకుండానే 33 కాస్తా 38 అయింది. స్టిక్కరు మీద 33 రాసినవాళ్లకు ఈ పెరుగుదల తెలుసు. తెలిసే, దానిని లెక్కలోకి తీసుకునే ఆ అంకె రాశారు.

ఇప్పుడు బంకు అబ్బాయి 35కు న్యాయం చేద్దాం. మీ ఇంటి నుంచి బంకు ఐదారు కిలోమీటర్లు ఉంటే, అక్కడికి చేరేసరికి టైరు కాస్త వేడెక్కి ఒకటిన్నర రెండు అంకెలు పెరిగి ఉంటుంది. ఆ వేడిలో పెట్టిన 35 మరునాటి ఉదయానికి 33 అవుతుంది. అంటే ఆ అబ్బాయి ఏ లెక్కా వేయకుండానే మీకు సరైన గాలి ఇచ్చాడు. అదే మీరు మే నెల మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఏకబిగిన వంద కిలోమీటర్లు వచ్చి, దారిలోనే బంకులో ఆగితే, అతను పెట్టే అదే 35 మరునాటి ఉదయానికి 30కి దిగుతుంది. అతనూ మారలేదు, అంకే మారలేదు. టైరు వేడి మారింది. టైరు ఎంత వేడిగా ఉందో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే ఆ మాటకు అర్థం లేదు.

కనుక మీరు చేయవలసింది ఇది. చిన్న గాలి మీటరు ఒకటి కొనుక్కుని, నెలకు ఒకసారి ఉదయం కారు కదపక ముందే నాలుగు టైర్లూ చూడండి. ఒక టైరులో 29 ఉంది, ఉండవలసింది 33 అయితే లోటు 4. బంకుకు వెళ్లాక అదే టైరు 31 చూపుతుంది. మీరు 33కు కాదు, 31కి 4 కలిపి 35కు కొట్టించాలి. ఎంత వేడెక్కినా లోటు లోటే. ఈ పద్ధతిలో వేడి తనంతట తానే లెక్కలోంచి తప్పుకుంటుంది.

మీ అబ్బాయి చెప్పిన 32కూ మీ 33కూ ఉన్న ఒక్క అంకె తేడా కోసం తండ్రీ కొడుకులు మాట పట్టింపులకు పోనక్కర లేదు. షాపు అతని 28 సంగతి వేరు. దానికి కింద జవాబు ఉంది.

ప్రశ్న: నేను వారానికి రెండుసార్లు సూర్యాపేట నుంచి హైదరాబాదుకు కారులో వెళ్లి వస్తాను. ఏప్రిల్, మే నెలల్లో లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది కనుక ముందుగానే ఐదారు అంకెలు తగ్గించి ఉంచితే టైరు పేలదని అందరూ చెబుతారు. నేను రెండేళ్లుగా అలాగే చేస్తున్నాను. ఇది మంచిదేనా?
— ఒక వ్యాపారి, సూర్యాపేట

జవాబు: మంచిది కాదు, ప్రమాదం. ఈ శీర్షికలో ఇంత తెగేసి చెప్పే సందర్భాలు నాకు తక్కువగా వస్తాయి.

వేడికి గాలి వ్యాకోచిస్తుందన్న మొదటి సగం నిజమే. అయితే టైరుకు ప్రాణాంతకమైన వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఇంటి పైకప్పు పనికి వాడే బైండింగ్ వైరును తెంపడానికి అటూ ఇటూ పదిసార్లు వంచి, వంగిన చోట వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. టైరు పక్క గోడలో జరిగేదీ అదే. 165/80 ఆర్ 14 సైజు టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళితే అది నిమిషానికి సుమారు 850 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్క గోడలో ప్రతి భాగమూ నేల దగ్గర ఒకసారి వంగి, పైకి లేచి నిటారవుతుంది. నార్కట్‌పల్లి దాటేలోగా ఎన్ని వేల వంపులో మీరే లెక్క వేసుకోండి. గాలి సరిగా ఉంటే ఆ వంపు కొద్దిగా ఉంటుంది. ఐదారు అంకెలు తగ్గితే వంపు లోతవుతుంది, రబ్బరు లోలోపల ఉడుకుతుంది, దారపు పొరలకూ రబ్బరుకూ ఉన్న పట్టు వదులుతుంది. టైరు పేలిందని మనం చెప్పుకునే ఘటనల్లో చాలా వాటికి గాలి ఎక్కువ కావడం కారణం కాదు. తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో, ఎక్కువ వేగంతో గోడ ఉడికి చిరగడం కారణం. మీరు తగ్గించిన గాలి మీరు భయపడుతున్న పనినే చేస్తోంది.

పెరిగే పీడనం వల్ల పేలుతుందేమోనన్న భయానికి కొలత ఒకటి చెబుతాను. కిందటి మే నెలలో మా ఇంటి ముందు నిలిపిన కారుకు తెల్లవారుజామున ఐదున్నరకు నాలుగు టైర్లలోనూ 33 ఉండేట్టు చూసుకుని, రోజంతా కదపకుండా ఉంచాను. మధ్యాహ్నం రెండు గంటలకు నీడ వైపు రెండు టైర్లు 35 చూపాయి. ఎండ మొహాన ఉన్న రెండూ, చేయి పెడితే కాలేంత వేడెక్కి, 37 చూపాయి. మన ప్రాంతపు ఎండ చేసేది ఇంతే. పరుగు వేడి కూడా కలిసి 40 దాటినా కంగారు అక్కరలేదు. టైరు మీది గరిష్ఠ అంకె కూడా చల్లగా ఉన్నప్పుడు కొలిచే అంకే, వేడితో వచ్చే పెరుగుదలను తట్టుకునే బలం దానికి ఉంటుంది. పరుగెత్తి ఆగిన టైరులో పీడనం ఎక్కువ చూపిందని గాలి వదలడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. పైన వేసిన లెక్కనే వెనక్కి వేస్తే, 38 ఉన్న వేడి టైరును 33కు దింపినవాడికి మరునాటి ఉదయం మిగిలేది 28.

ఎండాకాలం టైరుకు నిజంగా గండమే. దానికి కారణాలు వేరు: రోడ్డే వేడెక్కి ఉండడం వల్ల టైరుకు చల్లారే వీలు తగ్గుతుంది, పాతబడిన రబ్బరు పగుళ్లు విప్పుకుంటుంది, లోతైన కోతలూ ఉబ్బులూ ఉన్న టైరు ఆ వేడికి ఆగదు. వీటికి మందు టైరు మార్చడం, వేగం తగ్గించడం. రెండేళ్లు తక్కువ గాలితో నడిపానంటున్నారు కనుక ఒక పని చేయండి. షాపులో రిమ్ము నుంచి టైరు ఊడదీయించి లోపలి వైపు చూడండి. పక్క గోడ లోపల చుట్టూ నల్లగా రాపిడి చార పడి, అడుగున గోధుమ రవ్వంత రబ్బరు నలుసులు రాలి ఉంటే ఆ టైరు పని అయిపోయినట్టే. బయటికి ఎంత కొత్తగా కనిపించినా దానిని మళ్లీ ఎక్కించవద్దు.

చలికాలంలో సంగతి ఒక్క ముక్కలో: పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర అంకె చొప్పున పీడనం మారుతుంది. మే ఉదయం 30 డిగ్రీల దగ్గర పెట్టిన 33, జనవరి ఉదయం 16 డిగ్రీల దగ్గర 31 కన్నా కింద ఉంటుంది, అదీ ఏ మాత్రం గాలి కారకపోతే. కనుక సరిచూసుకోవలసిన కాలం సంక్రాంతి కూడా.

ప్రశ్న: మేము ఐదుగురం, డిక్కీ నిండా సామానుతో జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాము. ఘాట్ రోడ్డు కనుక గాలి తగ్గిస్తే పట్టు బాగుంటుందని మా మరిది అంటారు. పెంచాలా, తగ్గించాలా?
— ఒక గృహిణి, జడ్చర్ల

జవాబు: పెంచాలమ్మా, అదీ ముఖ్యంగా వెనక టైర్లకు. మీ కారు స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే గడి ఉంటే అందులోని అంకె పెట్టించండి. వెనక టైర్లకు రెండు మూడు అంకెలు, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. ఒకే గడి ఉంటే బరువు ఎంతైనా ఆ అంకే సరిపోతుందని కంపెనీ చెబుతున్నట్టు లెక్క. డిక్కీలోని సామానంతా వెనక ఇరుసు మీదో, ఇంకా వెనక్కో పడుతుంది. ఆ బరువుకు తగిన గాలి లేకపోతే వెనక టైర్ల గోడలు కుంగి, మలుపుల్లో కారు వెనక భాగం తోక ఊపినట్టు ఊగుతుంది. మన్ననూరు దాటాక అడవిలో మలుపులు, దోమలపెంట తరవాత డ్యాం వైపు దిగే మలుపులు ఆ ఊగుడుకు అనువైన చోట్లు కావు.

గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న మాట ఇసుకలో, బురదలో కూరుకున్న బండిని మెల్లగా బయటికి తీసే సందర్భానిది. పొలం బాటలో మీ మరిది గారు దానిని చూసి ఉంటారు. తారు రోడ్డు మీద, మలుపులో, వేగంలో అది పనికిరాదు. అడవి దారి రాత్రిపూట మూసి ఉంచుతారు కనుక ఎటూ తెల్లవారుజామునే బయలుదేరుతారు. ముందురోజే గాలి పట్టించి, బయలుదేరే ముందు చల్లని టైర్లకు ఒకసారి మీటరు పెట్టి చూసుకుంటే చాలు. తిరిగి వచ్చి సామాను దించాక, మరునాడు ఉదయం మామూలు అంకెకు దింపుకోండి. ఖాళీ కారులో ఆ అంకెతో తిరిగితే గతుకులు నడుముకు తెలుస్తాయి.

ఐదుగురికి బదులు ఏడుగురు కూర్చుని, పైన క్యారియర్ మీద బస్తాలు కట్టే పక్షంలో గాలి పెంచి ప్రయోజనం లేదు. టైరు సైజు తరవాత 82 అని అంకె ఉంటే ఆ టైరు మోయగలిగేది 475 కిలోలు. ఆ బరువు కూడా పూర్తి గాలి ఉన్నప్పటి మాట. దిగుడులో చిన్న గేరులో రండి. బ్రేకుల వేడి రిమ్ముల మీదుగా టైర్లకు కూడా పాకుతుంది.

ప్రశ్న: ఒకే రోజు రెండు బంకుల్లో చూపిస్తే ఒకచోట 34, మరోచోట 30 చూపింది. ఏ మీటరును నమ్మాలి?
— ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ సొంత మీటరును. నాకూ ఇదే అనుభవం ఉంది. నేను ఏడాదిపాటు నమ్మకంగా గాలి పట్టించిన ఒక బంకులోని యంత్రం నాలుగు అంకెలు ఎక్కువ చూపుతోందని, సొంత మీటరు కొన్నాక మొదటి వారంలోనే బయటపడింది. అంటే 33 అనుకుని ఏడాదంతా 29తో తిరిగానన్నమాట. గొట్టం పొద్దంతా నేల మీద పడి, బండ్ల చక్రాల కింద నలిగి, మొన తిరిగిపోయి ఉంటే ఏ యంత్రమూ సరిగా చూపదు. బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది, ఇస్తున్నారు కూడా. కొలతకు మాత్రం మీరే పూచీ పడండి.

మీటరు పెట్టేటప్పుడు వాల్వు మీద నిటారుగా, ఒక్క ఊపున అదమాలి. బుస్సుమని శబ్దం వస్తూ ఉంటే గాలి పక్క నుంచి పోతోందన్నమాట, ఆ అంకె లెక్కలోకి రాదు. తీసిన తరవాత వాల్వు మొన మీద వేలితో కాస్త ఉమ్మి అద్ది చూడండి. బుడగ లేస్తే పిన్ను కారుతోంది, మార్పించాలి. ఇది పాత సైకిలు షాపు విద్యే, ఇప్పటికీ దీనికి సాటి వచ్చింది లేదు. నల్లటి చిన్న మూతను పోగొట్టుకోవద్దు. మన చల్క నేలల ఎర్ర దుమ్ము వాల్వులోకి చేరితే పిన్ను సరిగా కూర్చోదు.

ప్రశ్న: మా కారు స్టిక్కరు మీద 230 అని ఉంది. అంత గాలి పడితే టైరు ఉంటుందా?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అది కిలోపాస్కల్స్ లెక్క. 100 కిలోపాస్కల్స్ అంటే ఒక బార్, మన బంకుల్లో వాడే పీఎస్ఐలో 14.5. కనుక మీ 230 అంటే 2.3 బార్, అంటే 33 పీఎస్ఐ. స్టిక్కరు ఫొటో ఒకటి ఫోనులో పెట్టుకోండి.

ప్రశ్న: ముందు టైర్లు రెండూ రెండు అంచుల్లో అరిగి మధ్యలో బాగున్నాయి. అలైన్‌మెంట్ చేయించమంటున్నారు. అవసరమా?
— ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: రెండు అంచులూ సమానంగా అరిగితే మొదట అనుమానించవలసింది తక్కువ గాలిని. మధ్యలో మాత్రమే అరిగితే ఎక్కువ గాలి. ఒకే అంచు, లోపలిది గానీ బయటిది గానీ, అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల దిశా వాలూ తప్పడం. మీది మొదటి రకం. అలైన్‌మెంట్ చేయిస్తే చెడేదేమీ లేదు, కానీ గాలి సరిచేయకుండా అది చేయించి లాభం లేదు. గాడుల అడుగున అడ్డంగా కనిపించే చిన్న దిమ్మెల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు; అరిగిన అంచు వాటి మట్టానికి వచ్చి ఉంటే మధ్యలో ఎంత మిగిలినా టైరు మార్చవలసిందే.

తక్కువ గాలితో పెట్రోలు బాగా తాగుతుందని ఇదే ఉత్తరంలో రాశారు. తాగే మాట నిజం, బాగా అన్నది ఎక్కువ. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. ఐదు తగ్గితే ఒక శాతం. పెట్రోలు కన్నా టైరు ఖర్చే మీకు ముందు తెలుస్తుంది.

ప్రశ్న: నైట్రోజన్ నింపిస్తే ఎండాకాలంలో పీడనం పెరగదంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: పెరుగుతుంది, మామూలు గాలి పెరిగినంతా పెరుగుతుంది. మనం పీల్చే గాలిలోనే నైట్రోజన్ 78 శాతం. నింపేది పొడిగా ఉంటుంది, రబ్బరులోంచి కాస్త నెమ్మదిగా కారుతుంది. ఆ మేరకు మేలే. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి. డబ్బు పెట్టి నింపించి, ఇక ఆరు నెలలు చూడనక్కర లేదనుకుంటే మాత్రం మామూలు గాలితో నెలనెలా చూసుకునేవాడే మీకన్నా నయం.

ప్రశ్న: మా కొత్త కారులో గాలి తగ్గితే దీపం వెలుగుతుంది. ఇంకా మీటరు ఎందుకు?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఈ దీపం వెనక ఒక కథ ఉంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. పరుగులో టైరు పై పొర ఊడిపోయి ఎన్నో ప్రమాదాలు జరిగాయి. అవి ఎక్కువగా ఉన్న ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు కారు కంపెనీ సూచించినది 26, టైరు కంపెనీ ఆ తరవాత 30 ఉండాలన్నది. తప్పు టైరు తయారీలోనా, బండిలోనా, గాలిలోనా అని ఇరు పక్షాలూ చాలా కాలం వాదులాడుకున్నాయి. ఆ ఏడాదే అక్కడ చట్టం చేసి, కొన్నేళ్లలో కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక దీపాన్ని తప్పనిసరి చేశారు. అక్కడి నియమం ప్రకారం దీపం వెలగవలసింది ఉండవలసిన గాలిలో 25 శాతం తగ్గినప్పుడు. అంటే 33 ఉండవలసిన చోట 25కు చేరేదాకా దీపం వెలగకపోయినా అది పాడైనట్టు కాదు. అంటే 27తో మీరు ఆ సంగతి తెలియకుండానే నెలల తరబడి తిరుగుతూ ఉండే ప్రమాదం ఉంది.

అంకెలు చూపే రకం అయితే నయం. ఉదయం కారు తీసి ఒకటి రెండు కిలోమీటర్లు దాటక ముందే ఆ అంకెలు చదవండి. కొన్ని కార్లలో టైరులో పరికరమే ఉండదు, చక్రాల తిరుగుడు తేడాను బట్టి ఊహిస్తుంది. నాలుగూ సమానంగా తగ్గితే దానికి తేడా తెలియడం కష్టం.

ప్రశ్న: అసలు సైజుకన్నా వెడల్పు టైర్లు వేయించాను. ఇప్పుడు స్టిక్కరు మీది అంకె పనికొస్తుందా?
— ఒక యువ పాఠకుడు, గద్వాల

జవాబు: స్టిక్కరు మీద పక్కపక్కన రెండు మూడు సైజులు రాసి, ఒక్కోదానికి అంకె ఇచ్చి ఉండవచ్చు, మీ సైజు వాటిలో ఉంటే సమస్య లేదు. లేకపోతే కొత్త టైరు మోసే బరువు అంకె పాతదానికన్నా తక్కువ కాకుండా ఉందో లేదో మొదట చూడండి. తక్కువగా ఉంటే ఆ టైరు మీ కారుది కాదు. సమానంగానో ఎక్కువగానో ఉంటే స్టిక్కరు అంకెతోనే మొదలుపెట్టి, రెండు మూడు వారాలకొకసారి గాడుల లోతును అంచుల్లోనూ మధ్యలోనూ పోల్చి చూస్తూ ఒకటి రెండు అంకెలు సర్దుకోవచ్చు. టైరు మీద ఎక్స్‌ట్రా లోడ్ అని ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ రకం తన బలాన్నంతా చూపేది 42 పీఎస్ఐ దగ్గర, మామూలు రకం 36 దగ్గరే చూపుతుంది. కనుక దానికి పాత అంకెకన్నా కాస్త ఎక్కువే కావాలి. టైరు కంపెనీ పట్టికలో మీ సైజుకు, మీ ఇరుసు బరువుకు ఎంతో చూపించమని అమ్మినవాళ్లను అడగండి. చూపించలేకపోతే, వెడల్పు టైర్లు అంటగట్టినవాళ్లకు ఆ పని సగమే తెలుసన్నమాట.

ప్రశ్న: స్టెప్నీలో గాలి ఎంత ఉండాలి?
— ఒక డ్రైవరు, అచ్చంపేట

జవాబు: మిగతా నాలుగింటి సైజే అయితే, స్టిక్కరు మీద ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద అంకె పెట్టించండి, అవసరం వచ్చినప్పుడు ముందుకు వేసినా వెనక్కు వేసినా, వేసే చక్రానికి తగినంతకు వదులుకోవచ్చు. అడవి మధ్యలో వదలడం సులువు, కొట్టడం కష్టం. కొత్త కార్లలో వచ్చే సన్నటి స్టెప్నీ అయితే దాని మీదే 60 పీఎస్ఐ అని, గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని రాసి ఉంటుంది. ఆ రెండూ అక్షరాలా పాటించాలి. బియ్యం బస్తాల కింద, చాపల కింద ఉన్న ఆ చక్రాన్ని నాలుగు టైర్లతో పాటు చూసేవాళ్లు అరుదు. వాడకపోయినా దానిలోంచి కూడా నెలకు ఒకటి చొప్పున కారుతూనే ఉంటుంది. ఏడాదిగా చూడని స్టెప్నీలో ఇరవై దరిదాపుల్లో గాలి ఉంటే ఆశ్చర్యపోవద్దు.